మోపు దించిన రోజు

పటమటలో నేను రోజూ టీ తాగే కొట్టు దగ్గరికి సాయంత్రం పూట కొందరు కుర్రాళ్ళు వస్తారు. అందరూ ఇంజనీరింగు చదివి ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళే. ఏడో తరగతితో బడికి దణ్ణం పెట్టిన నాతో వాళ్ళకేం పనంటే, నేను మాట్లాడతాను, వాళ్ళు నవ్వుతారు. వాళ్ళ ఆఫీసుల్లో ఈ రెండూ దొరకవట.

మొన్నామధ్య వాళ్ళలో ఒకడు ఫోను తెచ్చి నా ముక్కుకి ఆనించాడు. పాత వీడియో. కుస్తీ రింగు, చుట్టూ జనం. ఒకప్పుడు మన జిల్లాలో ఆటోల వెనక బొమ్మయి తిరిగిన వస్తాదు వెల్లకిలా పడి ఉన్నాడు. ఒక బక్కపలచటి కుర్రాడు అతని ఛాతీ మీద చెయ్యి వేసి గెలుస్తున్నాడు. జనం ఈలలు వేస్తున్నారు, తిడుతున్నారు, చెప్పులు విసురుతున్నారు. ఆ గోలలో ఒక గొంతు గెలిచినవాణ్ణి ప్రకటిస్తోంది. ఆ గొంతు నాది.

"తాతా, ఈయనతో ఏళ్ళ తరబడి తిరిగావు కదా, నిజం చెప్పు. ఈయన అంత పేరు రావాల్సిన మనిషేనా? చూడు, పడ్డ చప్పుడు కూడా రాలేదు. దానికే లేవలేనట్టు యాక్షన్."

తాత అన్నందుకు వాడి సంగతి తర్వాత చూద్దామనుకున్నాను. కానీ ఆ చప్పుడు మాట దగ్గర టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. చప్పుడు ఎందుకు రాలేదో తెలిసినవాళ్ళు చాలా తక్కువ. వాళ్ళలో నోరు ఆగనివాణ్ణి నేనొక్కణ్ణే. ఆ సాయంత్రం వాళ్ళకి చెప్పిందే ఇక్కడ మీ కోసం రాస్తున్నాను. ఎవరి పేరూ రాయను, పట్టిచ్చే గుర్తులు కొన్ని మార్చాను కూడా. ఎందుకో చివర్న మీకే తెలుస్తుంది.

ముందు నా సంగతి. ఏం ఉద్యోగం చేశావని అడిగితే "నోరు" అని చెబుతాను. ఆటోకి మైకు కట్టుకుని బెజవాడ వీధుల్లో ప్రచారం చేసేవాణ్ణి. చీరల తగ్గింపు, కొత్త సినిమా, తప్పిపోయిన మేక, రేపు కుళాయి రాదు, అన్నీ నేనే. కుళాయి రాదన్న సంగతిని కూడా పండగ కబురులా చెప్పడం నా ప్రత్యేకత. ఆ ప్రత్యేకత వల్ల కొత్తపేటలో ఒకసారి వెంట్రుకవాసిలో బిందె దెబ్బ తప్పించుకున్నాను. ఆ గొంతు విని, ఎగ్జిబిషన్లు నడిపే ఒక కాంట్రాక్టరు గారు నన్ను కుస్తీ ప్రదర్శనలకి తీసుకున్నారు. టీవీలో వచ్చే రంగురంగుల కుస్తీ చూసి పిల్లలు ఇళ్ళల్లో పరుపులు చింపుకుంటున్న రోజులవి.

రింగులోకి వచ్చే మనిషిని, మెట్లెక్కే లోపల రెండింతలు చెయ్యడం నా పని. ఇబ్రహీంపట్నం కరెంటు ప్లాంటులో రోజు కూలికి వెళ్ళే మనిషిని "పొగ గొట్టాన్ని చంకలో పెట్టుకొచ్చిన వీరుడు" అన్నాను. పాపం, అతను నిజంగానే చంక వైపు చూసుకున్నాడు.

ఇక మా వస్తాదు. ఉయ్యూరు దగ్గర చెరకు పండించే ఇంట్లో పుట్టినవాడు. కుర్రతనంలో చెరకు మోపులు ఎత్తి ట్రాక్టరు మీదికి వేసిన ఒళ్ళు. పంజాబు వెళ్ళి ఈ విద్య నేర్చుకుని వచ్చాడు. అతను చివర్లో ఎదుటివాణ్ణి రెండు చేతులతో తల పైకెత్తి, రింగు చుట్టూ ఒకసారి తిరిగి, దబ్బున నేలకి వేసేవాడు. దానికి పంజాబులో ఏదో ఇంగ్లీషు పేరుంది. నేను మొదటిసారి చూసినప్పుడు నోట్లోంచి "మోపెత్తాడు" అని వచ్చేసింది. అంతే. వారం తిరక్కుండా గుడివాడ నుంచి అవనిగడ్డ దాకా జనం "మోపు! మోపు!" అని అరవడం మొదలెట్టారు. నిజం చెప్పాలంటే, అతని పేరులో సగం నాదేనని నేను చాలాకాలం నమ్మాను.

నమ్మడానికి కారణాలూ ఉన్నాయి. మనిషికి వచ్చిన పట్లు వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు, వేళ్ళు మిగులుతాయి కూడా. ఎప్పుడూ టైముకి రాడు. మీసానికి దువ్వెన వేరే ఉండేది. ఇంజక్షనంటే భయం. మైకు చేతికిస్తే "అందరికీ నమస్కారమండీ" అని ఆగిపోయేవాడు, తర్వాతి మాట కోసం నా వైపు చూసేవాడు. ఒళ్ళు అతనిది, మాట నాది, బండి నడిచిపోతోంది అనుకునేవాణ్ణి.

ఈ కుస్తీలో ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు. ఇప్పుడు ఇది మీకందరికీ తెలిసిన సంగతే, ఫోన్లోనే బోలెడు వివరాలున్నాయి. అప్పుడు మాత్రం మేం ప్రాణం పోయినా చెప్పేవాళ్ళం కాదు. అయితే ఒక సంగతి మీరు కూడా సరిగ్గా పట్టించుకోరు. గెలుపు ముందే అనుకోవచ్చు గానీ, భూమి ఆకర్షణతో ముందే మాట్లాడుకోలేం కదా. ఎత్తి వేస్తే మనిషి పడాల్సిందే. అందుకే రింగుకి నేల ఉండే తీరు వేరు. ఇనప చట్రం మీద చెక్కలు, వాటి మీద పలచటి స్పాంజి, పైన గుడ్డ. ఆ చట్రం ఊగాలి, చెక్కలు వంగాలి. నులక మంచం మీద పడ్డట్టు నేల కాస్త కిందికి దిగి మనిషిని పుచ్చుకోవాలి. అప్పుడు కింద డోలు కొట్టినట్టు పెద్ద మోత వస్తుంది. జనం అది ఎముకలు విరిగిన మోత అనుకుంటారు. అసలు ఆ మోత ఎంత పెద్దదైతే ఒంటికి దెబ్బ అంత తక్కువ.

ఈ ముక్క మాకందరికీ తెలుసు. తెలియాల్సిన ఒక్క మనిషికి ఎవరం చెప్పలేదు.

ఆ ఏడు బెజవాడలో పెద్ద ప్రదర్శన. పోస్టర్ల నిండా మా వస్తాదు ఒక మనిషిని నెత్తి మీద ఎత్తుకున్న బొమ్మ. ఉయ్యూరు వైపు నుంచి ట్రాక్టర్ల మీద జనం వస్తారన్నారు. ఎదుటివాడిగా ఒక కొత్త కుర్రాణ్ణి పెట్టారు. నాగాయలంక అవతల చేపలు పట్టే ఇంటివాడు. వలలు లాగిన చేతులు, సన్నటి నడుం. వాడికి నేను ఒక చేప పేరు పెట్టాను, అది ఇక్కడ రాయను కాబట్టి "సొర" అందాం. మొదటి పెద్ద ఆట కదా, వాళ్ళ ఊరివాళ్ళు బస్సు మాట్లాడుకుని మరీ వచ్చారు, సొర చేతిలో మా వస్తాదు తన్నులు తింటాడని కాదు, సొరని టీవీ కెమెరా ముందు చూడ్డానికి.

ఎప్పుడూ ఉత్తరాది నుంచి లారీలో వచ్చే రింగు ఆ సారి దారిలో ఎక్కడో చిక్కుకుపోయింది. కాంట్రాక్టరు గారు కంగారుపడలేదు. ఊళ్ళో ఆటోనగర్ ఉండగా కంగారెందుకు? లారీ బాడీలు కట్టే ఒక షెడ్డుకి వెళ్ళి, పాత ఫోటోలు, కొలతలు ఇచ్చి, అలాంటిది కట్టమన్నారు. ఆ షెడ్డు మేస్త్రి చేతికి మంచి పేరు. ఆయన కట్టిన బాడీ పదేళ్ళు గుంటల్లో తిరిగినా ఒక్క బోల్టు కదలదని లారీ ఓనర్లు చెప్పుకునేవాళ్ళు. ఆటోనగర్లో మనిషిని తిట్టాలంటే పెద్ద మాటలక్కర్లేదు, "నీ బాడీ ఊగుతోంది" అంటే చాలు, రెండు రోజులు అన్నం తినడు.

అలాంటి మనిషికి ఫోటో చూపించి కుస్తీ వేదిక కట్టమంటే ఏం చేస్తాడు? ఫోటోలో అడుగున సన్నటి కమ్మీలు చూసి ఆయనకి జాలేసింది. ఎవడో తిన్నగా పని రానివాడు కట్టాడని అనుకున్నాడు. చట్రం కింద అడ్డంగా రెట్టింపు ఇనప కమ్మీలు వేసి, ప్రతి మూలా వెల్డింగు చేసి, కింద కాళ్ళు కూడా పెంచాడు. చెక్కలు లారీకి వేసే మందం. కట్టడం అయ్యాక పరీక్ష కోసం నా ప్రచార ఆటోని పలకల మీదుగా దాని మీదికి ఎక్కించారు. నేనే నడిపాను. వేదిక ఈషత్తు కూడా కదల్లేదు. షెడ్డంతా చప్పట్లు. నేను ఆటోలో కూర్చునే మైకు తీసి, "పది ఏనుగులు పేరంటానికి వచ్చినా చెక్కు చెదరని ఉక్కు వేదిక" అని ప్రకటించాను. మేస్త్రి సిగ్గుపడ్డాడు. వేదిక ఊగాలన్న సంగతి ఆ చప్పట్లలో నాకూ గుర్తురాలేదు.

వస్తాదులు ఆట రోజు మధ్యాహ్నం రైలు దిగారు. మా వాడు, ఆశ్చర్యం, ఆ రోజు టైముకే వచ్చాడు. బూట్లు వేసుకుని మెట్లెక్కి, రింగు మధ్యకి వచ్చి, మడమతో ఒక తన్ను తన్నాడు. అది వాళ్ళకి అలవాటు. మోత రావాలి. రాలేదు. టక్కుమంది. పక్కకి జరిగి ఇంకోచోట తన్నాడు. అక్కడా అంతే.

"బాబాయ్, ఇదెవరు కట్టారు?" అన్నాడు నాతో.

మేస్త్రి చొక్కా సర్దుకుని ముందుకొచ్చాడు. "నేనేనండి. ఎలా ఉంది?"

"చాలా బాగుందండి. కింద చక్రాలుంటే ఇంకా బాగుండేది."

మేస్త్రి అది కూడా మెప్పే అనుకుని నవ్వాడు. వస్తాదు నవ్వలేదు. ఆయన్ని రింగులోకి పిలిచాడు. "ఏమనుకోకండి మేస్త్రిగారూ. ఒక్కసారి ఇక్కడ గొంతుక్కూర్చుని వెనక్కి పడండి."

"పడుకోమంటారా?"

"పడుకోవడం కాదండి. పడాలి. నేను పట్టుకుంటాను, తల తగలనివ్వను."

మేస్త్రి పడ్డాడు. గొంతుక్కూర్చున్న ఎత్తు నుంచే. ఊపిరి మొత్తం బయటికి పోయింది. కాసేపు ఆకాశం వైపు చూస్తూ అలాగే ఉన్నాడు. తర్వాత ఆయన అన్న మాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు. "అంటే... ఇది గట్టిగా ఉండకూడదా?"

"కూడదండి."

"నా సర్వీసులో ఊగేట్టు కట్టమని ఒక్కడు కూడా అడగలేదు బాబూ," అన్నాడు మేస్త్రి. లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

వెంటనే గ్యాస్ కట్టరు తెప్పించి అడుగు కమ్మీలు కోసేస్తానన్నాడు. అప్పటికే గేట్లు తీశారు. జనం గ్యాలరీల్లోకి ఎక్కుతున్నారు. హడావిడిగా కోస్తే ఒక పక్క గట్టి, ఒక పక్క మెత్త అయిపోతుంది, అది ఇంకా ప్రమాదం. షామియానా కొట్టు నుంచి పరుపులు తెప్పిద్దామన్నారు కాంట్రాక్టరు గారు. పరుపులో కాలు దిగబడి మోకాలు తిరిగిపోతుందని వస్తాదు వద్దన్నాడు. ఆట ఆపేద్దామంటే, ముందు తగలబడేవి కుర్చీలు, తర్వాత టెంటు, ఆ తర్వాత మేం. అది నేను చెప్పాను. జనాన్ని రెచ్చగొట్టడం నా వృత్తి కాబట్టి వాళ్ళ సంగతి నాకు బాగా తెలుసు.

చివరికి వస్తాదే ఒక దారి చెప్పాడు. చిన్న ఆటలన్నీ పట్లతో, తోపులాటలతో నడపాలి, ఎవరూ కింద పడకూడదు. ఆఖరి ఆటలో తను సొరని నెత్తి మీదికి ఎత్తుతాడు. సొర గాల్లోనే చేతులు కొట్టుకుని ఓటమి ఒప్పుకోవాలి. అప్పుడు మెల్లగా దింపేస్తాడు. జనం మోపు చూసినట్టూ ఉంటుంది, ఎవరి నడుమూ పోదు.

సొర మొహం చిన్నబోయింది. "ఒక్కసారి వెయ్యన్నా. నేను పడతాగా. మా ఊరోళ్ళు బస్సు కట్టుకుని వచ్చారు. గాల్లో బతిమాలుకుంటే నన్ను మళ్ళీ రానిస్తారా ఊళ్ళోకి?"

"పడతావురా. లేవాలిగా."

తర్వాత వస్తాదు నన్ను పక్కకి తీసుకెళ్ళాడు. "బాబాయ్, ఇవాళ ఏం జరిగినా నేల సంగతి మైకులో రాకూడదు."

ఎందుకన్నాను. చెబితే జనమే అర్థం చేసుకుంటారన్నాను.

"ఇవాళ నేల గట్టిగా ఉందని చెబితే రోజూ మెత్తగా ఉంటుందని చెప్పినట్టేగా. ఇక మావాళ్ళు ఎక్కడ పడ్డా ఎవడు చూస్తాడు? అదీ కాక, ఆ మేస్త్రిని గ్రౌండు దాటి వెళ్ళనిస్తారా వీళ్ళు?"

అతను అంత పొడుగు మాట మాట్లాడ్డం నేను అదే వినడం.

చిన్న ఆటలు ఎలాగో గడిచాయి. జనం అప్పటికే విసుక్కుంటున్నారు. ఎంతసేపటికీ ఎవరూ పడకపోతే కుస్తీ చూస్తున్నట్టు ఉండదు, బస్సులో సీటు కోసం తోసుకుంటున్నట్టు ఉంటుంది. నేను నోటికొచ్చిన జోకులన్నీ వేసి వాళ్ళని కూర్చోబెట్టాను. పొద్దు వాలే వేళకి మా వస్తాదు రింగులోకి వచ్చాడు. గ్రౌండు మొత్తం లేచి నిలబడింది.

అనుకున్నట్టే కాసేపు పట్లు పట్టుకున్నారు. "మోపు! మోపు!" మొదలైంది. వస్తాదు వంగి, సొరని నడుం దగ్గర, భుజం దగ్గర పట్టి ఒక్క ఊపులో నెత్తి మీదికి ఎత్తాడు. నేను మైకులో గొంతు చించుకుంటున్నాను. రింగు చుట్టూ తిరిగాడు. ఇప్పుడు సొర చేతులు కొట్టుకోవాలి. కొట్టుకోలేదు. వాళ్ళ ఊరివాళ్ళు ముందు వరసలోనే ఉన్నారు. వాళ్ళని చూశాడు వాడు. నేను రింగు అంచున ఉన్నాను కాబట్టి వాడి పెదవులు కదలడం కనిపించింది. వెయ్యన్నా, వెయ్యి అంటున్నాడు.

జనం వెయ్యమంటున్నారు. పైనున్నవాడూ వెయ్యమంటున్నాడు. మోయడం అలవాటైన చేతులే గానీ, అంతసేపు వస్తాదు ఎవరినీ ఎత్తి ఉంచలేదు ఎప్పుడూ. వేసేస్తే అయిపోతుంది. మోపు పడుతుంది, జనం ఊగిపోతారు, పోస్టరు నిజమవుతుంది. ఆ కుర్రాడి నడుం నిలుస్తుందో లేదో తర్వాత సంగతి. నిలిచినా నిలవచ్చు. వేసినా అతన్ని ఎవరూ తప్పు పట్టరు, పడాల్సినవాడే అడుగుతున్నాడు కదా.

అతను దించాడు. నీళ్ళ కుండని అరుగు మీద పెట్టినట్టు, ముందు కాళ్ళు ఆనేట్టు, తర్వాత మనిషి నిలబడేట్టు.

ఒక్క క్షణం గ్రౌండుకి అర్థం కాలేదు. తర్వాత మొదటి చెప్పు వచ్చింది. అది వచ్చింది ట్రాక్టర్ల వైపు నుంచి, అంటే అతని సొంత ఊరివాళ్ళ వైపు నుంచి. గ్యాలరీ చెక్కలు కాళ్ళతో తంతున్నారు. కొందరు తాళ్ళు దాటి రింగు మీదికి రావడానికి దిగుతున్నారు. ఇక ఎవరో ఒకరు పడితే తప్ప జనం ఆగరు. ఆ సంగతి నాకు తెలిసినంత బాగా అతనికీ తెలుసు. సొరని మెడ పట్టు పట్టినట్టు దగ్గరికి లాక్కుని చెవిలో ఏదో అన్నాడు. ఏమన్నాడో తర్వాత సొరే నాతో చెప్పాడు. "నన్ను ఎత్తు" అన్నాడట. నావల్ల కాదన్నానంటాడు సొర. "నువ్వు పట్టుకో చాలు, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడట.

ఆ సన్నటి కుర్రాడు అంత మనిషిని భుజం మీదికి సగం ఎత్తాడు. మిగతా సగం ఆయనే కాలితో నేల తన్ని ఎగిరాడు. గడ్డం ఛాతీకి నొక్కుకుని, పది ఏనుగులు పేరంటానికి వచ్చినా చెక్కు చెదరని ఆ వేదిక మీద వెల్లకిలా పడ్డాడు.

చప్పుడు రాలేదు. వచ్చింది గానీ, మూట దించినంత చిన్నది. వెనక ఉన్నవాళ్ళకి అది కూడా వినపడి ఉండదు. నేల తీసుకోవాల్సిందంతా ఒళ్ళు తీసుకుంది.

ఇప్పుడు వీడియో మళ్ళీ చూడండన్నాను కుర్రాళ్ళతో. సొర వెంటనే గెలవడానికి పోలేదు. కంగారుగా మోకాళ్ళ మీద కూలబడి ఛాతీ మీద చెయ్యి పెట్టాడు. అది గెలిచే చెయ్యి కాదు, ఊపిరి ఆడుతోందా లేదా అని చూసిన చెయ్యి. రిఫరీకి వాళ్ళు చెవిలో అనుకున్నదేదీ తెలియదు, పడ్డవాడి ఛాతీ మీద చెయ్యి పడితే మూడు లెక్కపెట్టి గెలుపు ఇవ్వడం అతని పని, లెక్కపెట్టేశాడు. ఆ లెక్క మొత్తం వస్తాదు నా వైపే చూస్తున్నాడు. తల ఇటూ అటూ కొంచెం కదిపాడు. వద్దని.

బిందె దెబ్బకి వెరవని నోరు నాది. ఆ రోజు ఆ నోటితో గెలిచినవాడి పేరు ఒక్కటే చెప్పి మైకు కింద పెట్టాను. గ్రౌండంతా "దొంగ, దొంగ" అని అరుస్తోంది. ఆయన తాళ్ళు పట్టుకుని తనంతట తనే లేచి, జనానికి దణ్ణం పెట్టి, టెంటు దాకా నడిచి వెళ్ళాడు. టెంటులోకి వచ్చాక కూర్చోలేకపోయాడు, పడుకోలేకపోయాడు. గుంజని పట్టుకుని నిలబడి ఉన్నాడు. బయట మేస్త్రి గ్యాస్ కట్టరు చేత్తో పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు, దాంతో ఇప్పుడు ఏం కొయ్యాలో తెలియనట్టు.

వెన్నులో ఎముక చిట్లిందన్నారు డాక్టర్లు. ఆస్పత్రిలో ఇంజక్షను వస్తుంటే మాత్రం, అంత దెబ్బ తిన్న మనిషి, కళ్ళు మూసుకుని నా చెయ్యి పట్టుకున్నాడు. నెలల తర్వాత మళ్ళీ రింగు ఎక్కాడు గానీ ఆ ఎత్తు మళ్ళీ రాలేదు. ఆటోల వెనక బొమ్మలు మారిపోయాయి. సొర పైకొచ్చాడు, పెద్ద పేరు తెచ్చుకున్నాడు. అసలు సంగతి చెప్పేస్తానని వాడు ఎన్నిసార్లు అన్నాడో. అప్పుడల్లా వస్తాదు "నువ్వు గెలిచావు, నోరు మూసుకుని గెలువు" అని కసిరేవాడు.

మేస్త్రి ఆ రింగుని ఊరికే వదల్లేదు. కమ్మీలన్నీ కోసేసి, లారీ చక్రాల మీద బరువు మోసే కమాన్ కట్టలు తెచ్చి చట్రం కింద బిగించాడు. అంత చక్కగా ఊగే నేల మళ్ళీ ఎక్కడా చూడలేదని పంజాబు వాళ్ళు కూడా అన్నారు. తర్వాత ఆ రింగు చాలా ఏళ్ళు డెల్టా అంతా తిరిగింది. ఎక్కడ బిగించినా ముందు రోజు మేస్త్రి సొంత ఖర్చుతో వచ్చేవాడు. చొక్కా విప్పి మడతపెట్టి పక్కన పెట్టి, రింగు మధ్యకి వెళ్ళి, ఆ వయసులో దబ్బున వెల్లకిలా పడేవాడు. మోత వినేవాడు. లేచి, చొక్కా తొడుక్కుని, ఆట చూడకుండా వెళ్ళిపోయేవాడు.

కుర్రాళ్ళు అడిగిన ప్రశ్నకి వస్తాను. ఆయన ఆ పేరుకి తగినవాడేనా? బలం సంగతా, అందులో చాలా భాగం నేను పోసిన నీళ్ళు. విద్య సంగతా, ఆయన కన్నా బాగా ఆడినవాళ్ళని నేనే చూశాను. నన్ను ప్రమాణం చేసి చెప్పమంటే, ఆయనకి ఉన్న పేరులో సగం తగ్గిస్తాను. అయితే కుస్తీలో అసలు పని ఎదుటివాణ్ణి పడెయ్యడం కాదని, వాణ్ణి మళ్ళీ రేపు పడటానికి వీలుగా ఇంటికి పంపడమని నాకు ఆ రోజే తెలిసింది. ఆ పనిలో ఆయన్ని మించినవాణ్ణి చూడలేదు. దానికి మాత్రం ఆయనకి పేరు రాలేదు. వచ్చే వీలూ లేదు. చెప్పుకుంటే పోయే గొప్ప అది.

ఇదంతా చెప్పాక కుర్రాళ్ళు వీడియో మళ్ళీ పెట్టారు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఆ చిన్న చప్పుడు కోసం వెతికారు. నన్ను తాత అన్నవాడు ఫోను ఆపి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, ఇది రాయి తాతా, అన్నాడు. ఈసారి తాత అన్నందుకు నేనేం అనుకోలేదు.

రాసే ముందు అడగాలి కదా అని ఉయ్యూరు వెళ్ళాను. చెరకు తోట గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో, నడుం వెనక దిండు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. మీసం తెల్లబడింది, దువ్వెన మాత్రం జేబులోనే ఉంది. సంగతి చెప్పాను.

"ఇప్పుడెందుకు బాబాయ్? అందరూ మర్చిపోయారు."

"మర్చిపోలేదు. ఫోన్లో రోజూ తిడుతున్నారు నిన్ను."

"పోన్లే, చూస్తున్నారన్నమాట," అని నవ్వాడు. నవ్వితే నడుం పట్టేసింది, ఆగాడు. "రాస్తే రాయి. మేస్త్రి పేరు మాత్రం వద్దు. ఆయన పోయాడు, కొడుకులు షెడ్డు నడుపుకుంటున్నారు. ఆ చేతికి మంచి పేరుంది. సొర పేరు కూడా వద్దు, గెలిచిన ఆట వాడిదే ఉండనీ."

"మరి నీ పేరు?"

జేబులోంచి దువ్వెన తీసి మీసం దువ్వుకున్నాడు. "నా పేరు రాస్తే ఆట ఏదో తెలిసిపోతుంది. ఆట తెలిస్తే వాళ్ళిద్దరూ తెలిసిపోతారు. వద్దులే బాబాయ్."

లేచి నన్ను రోడ్డు దాకా పంపించాడు. ఆటో ఎక్కాక గుర్తొచ్చింది, జీవితమంతా నాకు అన్నం పెట్టింది ఆ పేరే. గుడివాడలో, అవనిగడ్డలో, బెజవాడలో, గొంతు బొంగురుపోయేదాకా అరిచిన పేరు. ఆ మనిషికి న్యాయం చేద్దామని కూర్చుని ఇంత రాశాను, ఆ ఒక్క మాట మాత్రం రాయకుండానే కలం మూస్తున్నాను.